షిఫ్టు దిగాక ఒక కథ

పటాన్‌చెరులో షిఫ్టు దిగి, కొల్లూరు బస్సెక్కి, సీటు దొరగ్గానే ఫోన్ తీస్తాం కదా! ఆ కాస్త సేపట్లో కథ రాయడం నేర్చుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ వాళ్లకు ఓపెన్‌లర్న్ అనే వెబ్‌సైటు ఉంది. కథారచన పాఠాలు ఉచితం. కొత్తవాళ్లూ చేరొచ్చు, చేయి తిరిగినవాళ్లూ చేరొచ్చు. పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. అయితేనేం, అభ్యాసం తెలుగులో రాయండి.

నన్నడిగితే మన అసలు బడి శ్రీకాకుళంలో ఉంది. కథకులు కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం. వేల తెలుగు కథలు దాని వెబ్‌సైటులో ఉన్నాయి. అవీ ఉచితమే. ఒక కథ తెరవండి. ఎక్కడ మొదలైంది? ఎవరు చెబుతున్నారు? ఏది చెప్పకుండా వదిలేశారు? మళ్లీ చదవండి.

ఇక మీ వంతు. పక్క సీట్లో ఒకాయన టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. మూత సందులోంచి పచ్చడి నూనె కారి సంచికి మరకైంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. ఐదు వాక్యాలు చాలు. ఈ రాత్రే రాయండి.