నడుము నొప్పిని వయసు ఖాతాలో వేయకండి
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్లు ఆఫీసులో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. మా ఇంట్లో జరిగిన ఒక పొరపాటును మీ ముందుంచడానికే ఈ అయిదు నిమిషాలు అడిగాను.

నా శ్రీమతి కూడా పెన్షనరే, టీచరుగా పనిచేసింది. 2022లో ఒకనాడు వంగి నీళ్ల బకెట్టు ఎత్తబోతే వీపులో కలుక్కుమంది. పడలేదు, దెబ్బ తగల్లేదు. "పట్టేసింది, ఈ వయసులో మామూలే" అన్నాను నేను. కాపడం పెట్టాం, బామ్ రాశాం. రెండు నెలలకు నొప్పి తగ్గింది, మరచిపోయాం. కొన్నాళ్లకు చీర కుచ్చిళ్లు నేలను తాకుతున్నాయని ఆవిడే అంది. దాన్నీ పట్టించుకోలేదు.

2023లో మళ్లీ అదే నొప్పి. అప్పుడు ఎక్స్‌రే తీయిస్తే రెండు వెన్నుపూసలు నలిగి ఉన్నాయి. అందులో ఒకటి పాతది. సర్వీసు రిజిస్టరులో ఆవిడ ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. కొలిస్తే అయిదడుగులే వచ్చింది. మొదటిసారే చూపించి ఉంటే రెండవది తప్పేదేమోనని నాకు ఇప్పటికీ బాధే.

డాక్టరు గారు చెప్పిన సంగతులు ఇవి. బహిష్టులు ఆగిన తర్వాత ఆడవారి ఎముకలు త్వరగా గుల్లబారతాయి. మగవారికీ మినహాయింపు లేదు. ఉబ్బసానికో, కీళ్లవాతానికో చాలాకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడినవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. గుల్లబారిన పూస వంగి బరువెత్తినా, గట్టిగా దగ్గినా నలగవచ్చు. ఒకటి నలిగితే మరొకటి నలిగే ప్రమాదం పెరుగుతుంది. అయితే ఎముకను బలపరచే మందులున్నాయి. సాంద్రత కొలవడానికి డెక్సా పరీక్ష ఉంది. నొప్పి కాస్త తగ్గగానే లేచి నడవాలి. మంచం పట్టి ఉంటే ఎముక ఇంకా బలహీనపడుతుంది. కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆపుకోలేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆహారం మాటకొస్తే, పాలు పెరుగులతో పాటు మన రాగిజావను మరువకండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఎండలో నడక కూడా మంచిదే. కానీ పూస నలిగాక ఇవి మాత్రమే చాలవు, మందు కావాలి.

చివరగా ఒక్క మనవి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజున ఇంటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడి, దంపతులిద్దరూ ఎత్తు కొలుచుకోండి. అంకె డైరీలో రాయండి. పడుచు వయసు నాటి ఎత్తు కంటే అంగుళంన్నర తగ్గితే డాక్టరుకు చెప్పి వెన్నుకు ఎక్స్‌రే తీయించండి. మేము చూడవలసినప్పుడు చూడలేదు. మీరు చూడండి.