పాత విమానం - వెంట్రుకంత పగులు

సాఫ్ట్‌వేర్ వాడికి విమానాల రిపేరుతో పనేమిటని మీరనుకోవచ్చు. నేను మెకానిక్‌ను కాను. ఒక మిత్రుడితో కలిసి కొనుక్కున్న పాత సెస్నా 140 నాకు నేర్పిన సంగతి చెబుతాను.

అది 1946లో తయారైన రెండు సీట్ల విమానం. ఇండియా నుంచి వచ్చిన మా నాన్నగారిని అందులో ఎక్కిస్తానని మాట ఇచ్చాను. ఆ వారమే వార్షిక తనిఖీ. తోకచక్రం స్ప్రింగు బిగించేచోట, లోపలి బల్క్‌హెడ్ మీద మెకానిక్‌కి వెంట్రుకంత గీత కనిపించింది. రంగు మీద గీతేలే అనుకున్నాను. ఆయన రంగు తీసి, శుభ్రంచేసి, ఎర్ర డై పూసి, కాసేపాగి తుడిచి, తెల్లటి డెవలపర్ చల్లారు. పగుల్లో దాగిన ఎరుపు పైకి ఊరింది. అంగుళం పొడుగు! మధ్యలో ఎవరో ఎప్పుడో వేసిన చిన్న రంధ్రం. పగులు దాన్నీ దాటిపోయింది. లాగ్‌బుక్కులో దాని ఊసే లేదు.

పగులు కొసన ఒత్తిడంతా ఒక్కచోటే పడుతుంది. అక్కడ గుండ్రటి రంధ్రం వేస్తే అది చుట్టూ సర్దుకుంటుంది. దీన్ని స్టాప్ డ్రిల్లింగ్ అంటారు. అది పగులును ఆపే ప్రయత్నమే గాని, పోయిన బలాన్ని తిరిగి తేదు. దిగిన ప్రతిసారీ భారం మోసేచోట అది చాలదు.

"కారే బిందెకు మాటు వేసినట్టు వెల్డింగు చేస్తే పోదా?" అన్నాను. ఆయన నవ్వారు. పైపర్ కబ్ లాంటి విమానాల ఉక్కు గొట్టాలకైతే వెల్డింగు చేస్తారు. మాది అల్యూమినియం మిశ్రమం. అప్పట్లో 24ఎస్‌టి, ఇప్పుడు 2024 అంటారు. దాని బలం హీట్ ట్రీట్‌మెంటుతో వచ్చింది. వెల్డింగు వేడికి ఆ బలం పోతుంది. కనుక భాగాన్నే మార్చాలి, లేదా ఆమోదించిన పద్ధతిలో అదే లోహపు రేకును పగులుకు అటూ ఇటూ దాటేలా రివెట్లతో బిగించాలి. మాది మార్చారు. స్ప్రింగు బోల్టు వదులై ఉండటమే మూలమని తేల్చి, దాన్నీ సరిచేశారు. మూలం వదిలేస్తే కొత్త భాగమూ పగులుతుంది. పెద్ద రిపేరు గనుక ఎఫ్‌ఏఏ ఫారం 337 నింపి, తనిఖీ అధికారమున్న మెకానిక్ సంతకం చేశారు.

ఇదంతా అయ్యేసరికి నాన్నగారు తిరిగి వెళ్ళిపోయారు. ఫోనులో బాధపడితే, "నేను ఎక్కకపోతేనేంరా, నువ్వు ఎక్కకముందే దొరికింది, అది చాలు" అన్నారు.

ఆ రంధ్రం వేసినవారు లాగ్‌బుక్కులో ఒక్క వాక్యం రాసి ఉంటే మేం మొదటిరోజే అక్కడ చూసేవాళ్ళం. మీలో ఎవరికైనా పాత విమానం కొనే సరదా ఉంటే, మెరిసే రంగు చూసి మురిసిపోకండి. లాగ్‌బుక్కు చదవండి. రంగు కింద ఏముందో చూపించమనండి. మీరేదైనా బాగుచేయిస్తే, తర్వాతివారి కోసం రాసిపెట్టండి.