చిన్న కెమెరా, నిండు ఫ్రేము

నేడు ఛాయాచిత్రములు తీయువారికి కెమెరాలకు కొదువ లేదు. చిక్కంతయు ఎన్నికలోనే ఉన్నది. భీమ్‌గల్ అంగడి వీధిలో కొంతసేపు నిలిచి చూచినచో చేతిలో ఫోను లేని మనిషి అరుదుగా కనబడును. ఆ ఫోనులో కెమెరా ఉండనే ఉన్నది. అయినను లక్షల రూపాయలు వెచ్చించి వేరొక కెమెరా కొనదలచినవారు మన ప్రాంతమున లేకపోలేదు. పెండ్లిండ్లలో చిత్రములు తీసి బ్రతుకదలచిన యువకులు, సెలవులలో గుడులను, గుట్టలను చూడబోవు ఉపాధ్యాయులు, గల్ఫు దేశములనుండి వచ్చునప్పుడు ఒక మంచి వస్తువు తెచ్చుకొందమనుకొను కార్మికులు, వీరందరును అడుగు ప్రశ్న ఒక్కటే: "ఏది మంచి కెమెరా?" ఈ ప్రశ్నకు మేము జవాబు చెప్పజాలము. "నేను తీయు చిత్రములకు ఏది తగును?" అని అడిగినచో మాత్రము కొంత చెప్పవచ్చును.

ఈనాడు ఎక్కువగా వినబడుచున్నది ఫుల్‌ఫ్రేమ్ అను మాట. దీని పుట్టుక ఫిల్ము కాలము నాటిది. జర్మనీలో లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బర్నాక్, సినిమాకు వాడు 35 మిల్లీమీటర్ల ఫిల్మును అడ్డముగా నడిపించి, 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల చిత్రమును తీయు చిన్న కెమెరాను 1914 నాటికి తయారుచేసెను. అది 1925లో లైకా అను పేరుతో లైప్‌జిగ్ సంతలో ప్రజలముందుకు వచ్చినది. అంతకు పూర్వము ఈ పని ఎంత బరువైనదో తెలియవలెనన్న మన హైదరాబాదు సంస్థానమునే తలచుకొనవచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్, పెద్ద పెట్టె కెమెరాను ముక్కాలిపై నిలిపి గాజు పలకలపై చిత్రములు తీసినాడు. 1905లో ఆయన గతించిన ఇరువది ఏండ్లకు కెమెరా కోటు జేబులోనికి దిగినది. బర్నాక్ నిర్ణయించిన ఆ కొలతయే నేటి డిజిటల్ కెమెరాలో వెలుగును పట్టు సెన్సారుకును వచ్చినది. ఆ కొలత గల సెన్సారును ఫుల్‌ఫ్రేమ్ అందురు.

దీని వైశాల్యము 864 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ అను తరువాతి కొలత గల సెన్సారు దీనిలో సగము కంటె తక్కువ. చాల ఫోన్లలోని సెన్సారు దీనిలో పదవ వంతు కూడ ఉండదు. వాన కురియుచుండగా ముంగిట గంగాళమును, చెంబును ప్రక్కప్రక్కన పెట్టినచో దేనిలో ఎక్కువ నీరు పట్టునో చెప్పనక్కరలేదు. వెలుగు విషయమును అంతియే. అందువలన మసక వెలుతురులో ఫుల్‌ఫ్రేమ్ చిత్రము ఇసుక చల్లినట్లు కాక నున్నగా వచ్చును. ముఖము స్పష్టముగా నిలిచి వెనుకనున్న గోడ, తీగలు, జనము మెత్తగా కరగిపోవుటయు దీనితో సులభము. కాని పట్టపగలు ఎండలో తీసి, ఆ చిత్రమును తిరిగి ఫోను తెరపైననే చూచువారికి ఈ తేడా కనబడుట కష్టము. అట్టివారు ఈ ప్రసంగము వినిన పిమ్మట డబ్బు దాచుకొన్నను మాకు సంతోషమే.

మరి ఈ కెమెరా ఎవరికి పనికివచ్చును? సద్దుల బతుకమ్మనాటి రాత్రి దీపముల వెలుగులో తిరుగు స్త్రీలను చిత్రింపగోరువారికి. వసారాలో చాట ఒడిలో పెట్టుకొని తునికి ఆకులతో బీడీలు చుట్టుకొను తల్లుల చేతులను ఉన్న వెలుతురులోనే పట్టదలచినవారికి. డిచ్‌పల్లి రామాలయపు శిల్పములను గోడకు తగిలించునంత పెద్దవిగా అచ్చువేయించువారికి. వరంగల్లు ఛాయాగ్రాహకులు, 2022లో గతించిన భరత్ భూషణ్, మన పల్లెల గడపలను, ముంగిళ్ళను, బతుకమ్మను ఏండ్ల తరబడి చిత్రించిరి. అట్టి చిత్రములకు మనిషి దగ్గరకు పోవలెను. ముఖము మీదికి పెద్ద కెమెరా ఎత్తినచో బీడీలు చుట్టు చేయి ఆగిపోవును, ముఖమున పెండ్లి ఫొటో నవ్వు వచ్చి కూర్చుండును. చిన్న కెమెరాకు గల అసలు విలువ ఇక్కడ ఉన్నది. సంచి తేలికయగుట దాని తరువాతి మాట.

చిన్నవైన ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలు రెండు తెగలు. మొదటి తెగవానికి లెన్సు శాశ్వతముగా అతికియుండును. సోనీవారు 2012లో ఆర్‌ఎక్స్1 అను దానిని, దాని సంతతిలో మూడవ ఆర్‌ఎక్స్1ఆర్‌ను 2025 జూలైలో వెలువరించిరి. ఈ మూడవదాని బరువు 498 గ్రాములు, లెన్సు 35 మిల్లీమీటర్లది. లైకావారి క్యూ వరుస 2015లో మొదలైనది. 2023 నాటి క్యూ3కి 28 మిల్లీమీటర్ల లెన్సు, 2024లో వచ్చిన దాని తోబుట్టువుకు 43 మిల్లీమీటర్ల లెన్సు ఉన్నవి.

ఈ అంకెలను చూచి బెదరనక్కరలేదు. మీరు ఒక మనిషికి పది అడుగుల దూరమున నిలిచినారనుకొనుడు. కెమెరాను అడ్డముగా పట్టినచో 28 లెన్సులో దాదాపు 13 అడుగుల వెడల్పు పట్టును. 35లో పది అడుగులకు పైన కొంచెము, 43లో ఎనిమిది అడుగులకు పైన, 50లో ఏడు అడుగులకు పైన పట్టును. కార్తీక మాసమున లింబాద్రి గుట్టపై నరసింహస్వామి జాతరలో వెనుకకు అడుగు వేయుటకు చోటుండదు. రథమును, దానిని లాగు జనమును ఒక్క చిత్రములో ఇమిడ్చుటకు 28 వలెనే మరి ఏదియు ఉపకరింపదు. అదే లెన్సుతో ఒక వృద్ధురాలి ముఖమును నిండుగా తీయబోయినచో మరీ దగ్గరకు జరుగవలసివచ్చి, ముక్కు పెద్దదై చెవులు వెనుకకు పోవును. ముఖములు తీయువారికి 43 హాయి. 35 రెంటికిని నడుమనుండు సర్దుబాటు. ఇంటి మనుషులను, ఇంటి వాతావరణమును కలిపి తీయుటకు మాకు అన్నిటికంటె నచ్చినది అదియే.

మీది ఏ లెన్సు చూపో తెలిసికొనుటకు పైసా ఖర్చు లేని మార్గము ఒకటి ఉన్నది. గత సంవత్సరము ఫోనుతో తీసిన చిత్రములను ఒక సాయంకాలము తీరికగా చూడుడు. చాల ఫోన్లలో ప్రధానమైన కెమెరా చూపు ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో ఇంచుమించు 24 నుండి 26 వరకు ఉండును. రెండింతలు అను గుర్తును నొక్కినచో అది 50 దరిదాపునకు చేరును. మీరు ప్రతి చిత్రమునందును అంచులు కత్తిరించుకొనుచున్నచో, ఎవరు ఎంత పొగడినను 28 మీకు పనికిరాదు. ఎప్పుడును గోడకు వీపు ఆనించి తీయుచున్నచో 43 మిమ్ములను విసిగించును.

జాతర మాట వచ్చినది కనుక తెర సంగతియు చెప్పవలెను. జనము తలలపైకి కెమెరాను ఎత్తి తీయునప్పుడు వెనుకనున్న తెర క్రిందికి వంగవలెను. లైకా క్యూ3 తెర వంగును. ఆర్‌ఎక్స్1ఆర్ మూడవదాని తెర కదలదు. అంగడిలో చిన్నదిగా తోచు ఈ భేదము రథము కదలిన క్షణమున చాల పెద్దదగును.

రెండవ తెగ కెమెరాలకు లెన్సు మార్చవచ్చును. సోనీ ఏ7సీ 2020లోను, దాని రెండవ రూపము 514 గ్రాముల బరువుతో 2023లోను వచ్చినవి. కానన్ ఆర్8 కూడ 2023 నాటిది, 461 గ్రాములు. పానసానిక్ ఎస్9 2024 నాటిది, 486 గ్రాములు. సిగ్మా బీఎఫ్ 2025 నాటిది. ఈ అంకెలను ప్రకటనలలో చదివి మురియుటకు ముందు లెన్సు బరువు అడుగవలెను. 24 నుండి 70 వరకు సాగు సోనీవారి మేలైన జూమ్ లెన్సు ఒక్కటే 695 గ్రాములు. దానిని ఏ7సీ రెండవదానికి తగిలించినచో కిలో రెండువందల గ్రాములు దాటును. గిత్త చిన్నదైనను బండి బండియే. ఈ తెగ కెమెరా కొనువారు ఒక చిన్న లెన్సుతో తృప్తిపడవలెను, లేదా చిన్నదన్న మాట మరచిపోవలెను.

షట్టరు విషయమున మరికొంత జాగ్రత్త కావలెను. ఎస్9లోను, బీఎఫ్‌లోను కదలు షట్టరు లేదు. సెన్సారు చిత్రమును పైనుండి క్రిందికి వరుసవరుసగా చదువుకొనును. చదువుట పూర్తియగులోపల వేగముగా కదలిన వస్తువు వంకరగా పడవచ్చును. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. కాబట్టి చాల రకముల దీపములు సెకనుకు నూరు మారులు మినుకుమినుకుమనును. కంటికి తెలియని ఆ మినుకు ఈ షట్టరుతో తీసిన చిత్రమున అడ్డచారలుగా కనబడును. షట్టరును సెకనులో ఏబదవ వంతు గాని నూరవ వంతు గాని పెట్టినచో చారలు చాలవరకు తగ్గును. కాని ఆ వేగమున చప్పట్లు కొట్టు చేతులు కొంచెము అలుకుకొనును. బతుకమ్మ రాత్రులు తీయువారు ఈ చిక్కును కొనకముందే తెలిసికొనవలెను. ఎస్9కి ఫ్లాషును వెలిగించు ఏర్పాటును లేదు. ఆర్‌ఎక్స్1ఆర్, క్యూ కెమెరాలలో లెన్సులోపలనే రేకుల షట్టరు ఉండుటచేత చప్పుడు దాదాపు వినబడదు, ఫ్లాషుతోను చక్కగా పనిచేయును.

చేతి వణకును సర్దు ఏర్పాటు క్యూలోను, ఏ7సీలోను, ఎస్9లోను ఉన్నది; ఆర్‌ఎక్స్1ఆర్‌లో లేదు, ఆర్8 కెమెరాలోను లేదు. గుడి చీకటిలో కదలని శిల్పమునకు ఈ ఏర్పాటు ఎంతో మేలు. ఆడు మనుషులకు మాత్రము అది ఏమియు చేయజాలదు. వణకునది మన చేయి కాదు, కదలునది వారు.

మన ఎండలను, దుమ్మును గూర్చి కంపెనీవారు ఆలోచించినట్లు తోచదు. చాల కెమెరాల పుస్తకములలో 40 డిగ్రీల వేడివరకే వాడవలెనని వ్రాసియుండును. మే నెలలో నిజామాబాదు ఆ అంకెను అలవోకగా దాటును. చిన్న కెమెరాలో వేడి బయటికి పోవు దారియు చిన్నదే కనుక, ఎండలో చాలసేపు వీడియో తీయువారికి అది మధ్యలో ఆగిపోవచ్చును. ఇక పసుపు. కొమ్ములు ఉడికించి, కళ్ళములో ఎండబోసి, డ్రమ్ములో మెరుగుపట్టు రోజులలో అక్కడ లెన్సు మార్చుట సెన్సారుకు పసుపు పూయుటతో సమానము. అతికిన లెన్సు గల కెమెరాకు ఈ బాధ చాల తక్కువ.

పెండ్లి చిత్రములతో బ్రతుకు వెళ్ళదీయదలచిన యువకులకు మేము సూటిగా చెప్పుచున్నాము. ఇంతవరకు పేర్కొన్న చిన్న కెమెరాలలో కార్డుకు ఒక్కటే చోటు ఉన్నది. సిగ్మా బీఎఫ్‌లో కార్డే లేదు, లోపలి నిల్వ మాత్రమే. కార్డు చెడినచో తలంబ్రాలు తిరిగి పోయించలేము. ఆడపిల్ల తండ్రికి ఏమని సమాధానము చెప్పుదురు? ఒక్కొక్క చిత్రము రెండు కార్డులపై పడు కెమెరాను, కొంత పెద్దదైనను, ఎన్నుకొనుడు. 2023లో వచ్చిన నికాన్ జెడ్ఎఫ్ 710 గ్రాములు తూగును గాని రెండవ కార్డుకు చోటిచ్చినది. చిన్న కెమెరా మీకు తరువాత, మీ సొంత ముచ్చటకు రావచ్చును.

ధరలలో భేదము చాల ఎక్కువ. అమెరికాలో విడుదలనాడు ఆర్8, ఎస్9 ఒక్కొక్కటి 1,499 డాలర్లు. ఏ7సీ రెండవది 2,199 డాలర్లు. క్యూ3 5,995 డాలర్లు. గల్ఫు ఎండలో కూడబెట్టిన సొమ్ముతో కొనువారు, అక్కడి వారంటీ ఇక్కడ చెల్లునా, కస్టమ్స్ సుంకము ఎంతయగును అను రెండు సంగతులు బయలుదేరకముందే విచారింపవలెను. ఫుల్‌ఫ్రేమ్ కాకపోయినను ఫ్యూజీవారి 2024 నాటి ఎక్స్100-6 వంటిదియో, జేబులో నిజముగా ఇముడు రికో జీఆర్ వంటిదియో చాలునేమో చూచుకొనుట చిన్నతనము కాదు. ఉపాధ్యాయులకు మేము చాలమారు అదియే సూచించుచున్నాము.

బోధన్ శక్కర్‌నగర్‌లో 1930లలో వెలసిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. గేటు ముందు చెరకు బండ్లు బారులు తీరిన దృశ్యము ఇప్పుడు ఎవరి ఆల్బములోనైన ఉన్నంతవరకే ఉన్నది. వానిని తీసినవారు ఏ కెమెరాతో తీసినారో ఎవరును అడుగరు. మన కండ్లముందున్నవానిలో ఏవి ఇట్లే పోనున్నవో మీ ఊరిలో మీకే బాగుగా తెలియును. దేనిని తీయదలచినారో ముందు ఒక కాగితముపై వ్రాసికొనుడు. పిమ్మట మీ కార్డు జేబులో వేసికొని, పొద్దు గూకిన తరువాత దుకాణమునకు పోయి, అక్కడి దీపముల వెలుగులో ఒక చేతితో, రెండు చేతులతో పది చిత్రములు తీసి, ఇంటికి తెచ్చి పెద్దవిగా చేసి చూడుడు. ధర మరునాడు అడుగవచ్చును.