అరుగు మీద పని

(మహిళల పని హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచీ మన రచయిత్రుల మాటలు విన్నాం. పని, కుటుంబం గురించి రచయితలు కొత్తగా ఏం ఆలోచిస్తున్నారన్నది నాకిచ్చిన అంశం. రచయితలతో సంభాషణ అంటే నా వరకు వాళ్ళ పుస్తకం ముందేసుకుని, పెన్సిలు పట్టుకుని, పేజీ పక్కన పేచీ పెట్టుకోవడమే. అలా ముగ్గురితో పెట్టుకున్న పేచీ గురించి చెప్తాను. ముగ్గురూ పరాయి దేశాల వాళ్ళే. అయితే అందులో ఒకరు మన నరసాపురం దాకా వచ్చి, మన ఆడవాళ్ళ పక్కన కూర్చుని మరీ రాశారు.

మొదటావిడ ఆర్లీ హోక్‌షీల్డ్. అమెరికా సమాజశాస్త్రవేత్త. 1989లో వచ్చిన 'ద సెకండ్ షిఫ్ట్' పుస్తకంలో ఆవిడ వేసిన లెక్క చాలామందికి తెలిసే ఉంటుంది. జీతం తెచ్చే పని, ఇంటి పని రెండూ కలిపితే భార్యలు భర్తల కంటే ఏడాదికి ఒక నెల ఎక్కువ పని చేస్తున్నారట. నెలంటే రోజుకు 24 గంటల చొప్పున! అందులో ఒక జంట కథ ఉంది. ఎంతకాలం పోట్లాడుకున్నా తెగక, చివరికి పైఅంతస్తు భార్యది, కిందిది భర్తది అని పంచుకున్నారు. పైఅంతస్తులో వంటిల్లు, పడకగదులు, పిల్లాడు. కింద కారు షెడ్డు, కుక్క. మేం సమానంగా పంచుకున్నాం అని ఆ భార్య నమ్మింది. నమ్మకపోతే కాపురం నిలవదు కాబట్టి నమ్మింది. మనవైపు ఇన్ని అంతస్తులు లేవు గాని, "మా ఆయన బయటి పనులన్నీ చూసుకుంటారు" అనే మాట మాత్రం ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఆ బయటి పనులంటే కరెంటు బిల్లు కట్టడం, నెలకోసారి గ్యాస్ బండ తెప్పించడం.

2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా జరిపించిన కాల వినియోగ సర్వే చూడండి. జీతంలేని ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. 'చేసే మగవాళ్ళు' అన్నాను, గమనించండి. వాళ్ళు వందకు 26 మందే.

రెండో ఆవిడ క్లాడియా గోల్డిన్. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకుంది. ఆవిడ మొగుడు మంచివాడా కాదా అనే చర్చ పక్కన పెట్టి, ఉద్యోగం సంగతి చూడమంటుంది. కొన్ని ఉద్యోగాలు తిండిపోతు ఉద్యోగాలు. రాత్రి పదింటికి పిలిచినా పలికేవాడికి గంటకింత అని గాక, ఎన్నో రెట్లు ముట్టజెబుతాయి. పిల్లలున్న ఇంట్లో ఇద్దరూ అలా పలకలేరు. ఒకరు పలికితే ఇంకొకరు ఇంట్లో పలకాలి. ఆ ఇంకొకరు ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. అందుకు భిన్నంగా, అమెరికాలో మందుల షాపుల్లో పనిచేసే ఫార్మసిస్టుల ఉద్యోగం కాలక్రమాన మారింది. ఒకరి స్థానంలో ఇంకొకరు వచ్చి అదే పని చేయగలిగేలా అయింది. అక్కడ స్త్రీ పురుషుల సంపాదనల మధ్య తేడా బాగా తగ్గింది. ఆడది తన టైము ఎలా సర్దుకోవాలి అన్న పాత ప్రశ్నని ఆవిడ తిరగేసి, పని తన ఆకారాన్ని ఎలా మార్చుకోవాలి అని అడిగింది. ఇది నాకు చాలా నచ్చింది.

ఇక నా పేచీ. వీళ్ళిద్దరి పుస్తకాల్లోనూ పని ఒకచోట, ఇల్లు ఒకచోట ఉంటాయి. మధ్యలో ఒక రోడ్డు ఉంటుంది. 2020లో కరోనా వచ్చి ఆ రోడ్డు మూతపడేసరికి, ఇంటి నుంచి పని అనేదేదో కొత్తగా కనిపెట్టినట్టు అందరూ మాట్లాడారు. ఆడవాళ్ళకి ఇదే పరిష్కారం, పిల్లల్నీ చూసుకోవచ్చు, జీతమూ వస్తుంది అన్నారు. ఇంటి దగ్గర ఉంటూ పనిచేసే ఆడవాళ్ళ సంగతి మనకి కొత్తేం కాదు కదా!

మూడో రచయిత్రి జర్మనీకి చెందిన మరియా మీస్, 2023లో చనిపోయింది. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మీద ఆవిడ పుస్తకం 1982లో వచ్చింది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది. పూలు అల్లే వాళ్ళు వేరు, వాటిని అతికే వాళ్ళు వేరు. దారం ఏజెంటు తెచ్చిస్తాడు, అల్లినది ఏజెంటే పట్టుకుపోతాడు. పక్కింట్లో అల్లే ఆమెకి ఎంత ఇస్తున్నాడో ఈమెకి తెలియదు. ఆ లేసు యూరపు బల్లల మీదికి వెళుతుంది. అమ్మేవాళ్ళు ఎగుమతిదార్లయి మేడలు కట్టారు. అల్లినవాళ్ళని మాత్రం తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకునే ఇల్లాళ్ళన్నారు. కాలక్షేపానికి కూలీ ఎందుకియ్యాలి? రోజుకు ఆరేడు గంటలు చేసిన కాలక్షేపమది. ఈ కిటుకునే మీస్ 'గృహిణీకరణ' అంది. పనిచేసే మనిషిని ముందు ఇల్లాలిని చేసేస్తే, ఆమె పని దానంతటదే చవకైపోతుంది.

ఇందులో కులం కూడా ఉందని మీస్ దాచలేదు. పొలం పనికి పోయే దళిత స్త్రీలకి లేసు కంటే ఎక్కువ కూలి ముట్టేది. అయినా గడప దాటకపోవడమే పరువనుకున్న కులాల స్త్రీలు తక్కువ డబ్బుకి నీడపట్టున కూర్చున్నారు. ఘోషాని ఆచారం అంటాం గాని, ఎగుమతిదారుకి అది లాభసాటి ఏర్పాటు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కార్మికురాలిగా గుర్తింపు అల్లేవాళ్ళలో ఎందరికి వచ్చిందో కూడా అడగాలి.

అయితే ఇంట్లో కూర్చుని చేసే పనంతా ఇలాగే ఉండి తీరాలా? ఉండక్కర్లేదని మన నిజామాబాద్, కరీంనగర్ బీడీ కార్మికులు రుజువు చేశారు. వాళ్ళదీ ఇంటి అరుగే. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు, మధ్యమధ్యలో పొయ్యి మీద అన్నం. కానీ బీడీ సంఘాలు పోరాడాయి. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టే మనిషిని కూడా కార్మికురాలిగానే లెక్కించింది. యజమానులు కోర్టుకెక్కారు. ఇంటి దగ్గర బీడీలు చుట్టేవాళ్ళకి ప్రావిడెంట్ ఫండ్ వర్తించదని వాదించారు. 1985లో సుప్రీంకోర్టు ఆ వాదనని కొట్టేసింది. చాట అదే, అరుగు అదే. కంపెనీ కార్డు చేతికొచ్చిన ఆమె మాత్రం ఇంటి పనుల మధ్య కాస్త చుట్టుకునే అమ్మ కాదు, పి.ఎఫ్. ఉన్న కార్మికురాలు. చిక్కులు తీరాయని అనడం లేదు. ఒకే కార్డు మీద తల్లీ కూతుళ్ళు, కోడలు కలిసి చుట్టే ఇళ్ళున్నాయి. కార్డు లేని వాళ్ళున్నారు. తంబాకు ధూళికి దగ్గే వాళ్ళున్నారు. అయినా లేసుకీ బీడీకీ ఉన్న తేడా చూస్తే నాకు ఒకటి తెలిసింది. ఇంట్లో పనిచేయడం వల్ల కాదు ఆడవాళ్ళ శ్రమ కనిపించకుండా పోయేది, యజమాని ఎవరో కనిపించకుండా పోవడం వల్ల. ఈ మాట హోక్‌షీల్డ్ దగ్గరా గోల్డిన్ దగ్గరా నాకు దొరకలేదు. ఇవాళ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయిలకి కూడా ఈ ప్రశ్న పనికొస్తుంది. కరెంటు ఖర్చు ఎవరిది? రాత్రి పదకొండింటికి ఫోను చేసేది ఎవరు?

ఇంకో సంగతి, క్లుప్తంగా. పిల్లల్ని చూసేందుకు మనిషి దొరికితేనే ఈ అమ్మలు పని చేయగలిగేది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అంది! వాళ్ళకిచ్చే డబ్బుని మాత్రం జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఈ వైరుధ్యం మీద మన కథకులు రాయాలని నా కోరిక. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు తన పేరే మరిచిపోతుంది. పేరు గుర్తున్నా పని పేరు దక్కని ఈ ఆడవాళ్ళు కూడా కథల్లోకి రావాలి.

ఇంటి దగ్గర పనిచేసే వాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఇది మన తీర్మానాల్లో చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను. మన జిల్లా శాఖలు వచ్చే నెలలో ఇంటింటి సర్వే మొదలుపెడుతున్నాయి కదా, దాని గురించి కూడా ఒక మాట. "మీరేం పని చేస్తారమ్మా?" అని అడగవద్దు. చేతిలో సూది ఆడుతూనే ఉంటుంది, "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. నేను ఆ జవాబు ఎన్ని వాకిళ్ళలో విన్నానో. దానికి బదులు, ఈ దారం ఎవరిచ్చారు, అల్లింది ఎవరికిస్తారు, డబ్బులు ఎన్నాళ్ళకొస్తాయి, పాడైతే కోత ఎవరిది అని అడగండి. రాసుకునే కాగితంలో ఏజెంటు పేరుకి ఒక గడి, అతని పైవాడి పేరుకి ఇంకో గడి పెట్టండి.

మిగిలిన టైము మీ ప్రశ్నలకి వదులుతున్నాను. నరసాపురం నుంచి వచ్చిన అక్కలు వెనక వరసలో ఉన్నారు, ముందు వాళ్ళకి మైకు ఇవ్వండి.