ఐదవ తరగతితో చదువు ఆగరాదు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెయ్యదూడకు జున్నుపాలు పట్టించి, రెండేళ్ళు మేపి, తీరా చూలు కట్టే వేళకు మేత మానిపించే రైతు మనలో ఎవరూ లేరు. పెట్టిన ఖర్చంతా వృథా అవుతుందని మనకు తెలుసు. కాని పిల్లల చదువు దగ్గర చాలా ఇళ్ళలో మనం చేసేది ఇదే. ఊరి బడిలో ఐదవ తరగతి వరకు చదివిస్తాం. ఆరవ తరగతి పొరుగూళ్ళో అనగానే మానిపిస్తాం.

ముందుగా ఆగేది ఆడపిల్ల చదువు. పేడ తీయడం, కుడితి పెట్టడం, కేంద్రానికి పాలు తీసుకుపోవడం ఆమె మీద పడతాయి. పాలు పోసి వచ్చేసరికి బడివేళ దాటిపోతుంది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఎందుకని అడిగేవారున్నారు. శాతాల లెక్క వచ్చేది అక్కడే. 5 కిలోల పాలలో వెన్న 7 శాతమైతే 350 గ్రాములు. 6.5 శాతమైతే 325 గ్రాములు. వెన్నను బట్టి ధర కట్టేచోట ఆ 25 గ్రాముల తేడా మన సొమ్మే. చీటీ చూసి ఈ లెక్క సరిచూడగల బిడ్డ ఇంట్లో ఉండాలా, వద్దా? రేపు సంఘం పుస్తకాలు రాయవలసిందీ, పాలకవర్గంలో కూర్చోవలసిందీ ఈ పిల్లలే కదా!

2010 ఏప్రిల్ 1 నుండి విద్యాహక్కు చట్టం అమలులో ఉన్నది. 6 నుండి 14 ఏళ్ళ పిల్లలకు ఎనిమిదవ తరగతి వరకు చదువు ఉచితం. ఆరు నుండి ఎనిమిది తరగతుల బడి 3 కిలోమీటర్లలోపు ఉండాలని నియమం. లెక్కలు-సైన్సుకు, సాంఘిక శాస్త్రానికి, భాషలకు వేరువేరుగా ఉపాధ్యాయులుండాలి. 35 మంది పిల్లలకు ఒకరు చొప్పున ఉండాలి. టి.సి. ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండరాదు. మధ్యలో మానిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. అటువంటి ఆడపిల్లలకు 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలలో ఆరవ తరగతి నుండి వసతితో కూడిన చదువు ఉన్నది. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి పల్లెవెలుగు బస్సులలో ఆడవారికి ఛార్జీ లేదు. అయితే బడివేళకు బస్సు రాకపోతే ఆ సౌకర్యం మన పిల్లకు అందదు.

అందువల్ల ప్రతి సంఘమూ ఈ పనులు చేపట్టాలని కోరుతున్నాం.

ఒకటి: జూన్‌లో బడులు తెరవక ముందే సభ్యుల ఇళ్ళలో ఐదవ తరగతి ముగించిన పిల్లల జాబితా రాయాలి. ఆరులో చేరనివారి ఇంటికి పాలకవర్గం వెళ్ళి మాట్లాడాలి.

రెండు: బస్సు వేళ మార్పు కోసం సంఘం తీర్మానం చేసి డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వాలి. ఒక్కరి మాట కంటే వందమంది సభ్యుల మాటకు బలమెక్కువ.

మూడు: బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది స్త్రీలు ఉండాలని చట్టంలో ఉన్నది. మన సభ్యులు అందులో చేరాలి. ఏ సబ్జెక్టుకు ఉపాధ్యాయుడు లేడో రాతపూర్వకంగా అడగాలి.

నాలుగు: పాలు పోసే పని పెద్దలు పంచుకోవాలి. బడిపిల్లలు పాలు తెస్తే వరుసలో నిలబెట్టకుండా ముందు పంపాలి. సాయంత్రం పాల సేకరణ ముగిశాక సంఘం గది, దీపం పిల్లల చదువుకు ఇవ్వవచ్చు. నియమావళి ఒప్పినమేరకు మిగులులో కొంత పుస్తకాలకు కేటాయించే విషయం మహాజనసభలో పెట్టవచ్చు.

లీటరు లీటరు కూడబెట్టి సంఘాన్ని నిలబెట్టుకున్నాం. ఈ పని కూడా అలాగే, ఇంటికొక బిడ్డ చొప్పున సాధించుకుందాం.