కళాశాల నెన్నుకొనుట

(ఇంటర్మీడియెటు ముగించిన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఒక పట్టణ గ్రంథాలయమున చేసిన ఉపన్యాసము)



ఎద్దును కొనబోవు రైతు దాని పండ్లు లెక్కించును, నడిపించి చూచును, కాడి కట్టి ఒక చాలు దున్నించి చూచును. ఇల్లు కొనువాడు దస్తావేజులను మావంటి ప్లీడరునొద్దకు తెచ్చి, పూర్వపు హక్కులన్నిటిని శోధింపుమని కోరును. కాని అదే రైతు, అదే గృహస్థు, తన బిడ్డ యౌవనములో నాలుగేండ్లను, తాను అమ్మిన ఎకరము నేల వెలను ఏ కళాశాల చేతిలో పెట్టవలయునో నిర్ణయించునపుడు మాత్రము బాటప్రక్క నిలిపిన ప్రకటన పలకను చూచి తృప్తి చెందుచున్నాడు. ఈ వైపరీత్యమే నేటి మా ప్రసంగమునకు కారణము.

మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము. ప్రతి సంవత్సరమును ప్రవేశముల కాలమున తోటి సేవకులతో కూడి ఈ గ్రంథాలయపు వసారాలో కూర్చుండి విద్యార్థుల దరఖాస్తులు నింపుటకు సాయపడుచున్నాము. మా వృత్తి మాకు నేర్పినది ఒక్కటే: ప్రశ్నింపక ఏ సాక్షిని విశ్వసింపరాదు. కళాశాలయు ఒక సాక్షియే. దానిని నాలుగు ప్రశ్నలడుగుడు.

మొదటి ప్రశ్న: పట్టము నిచ్చువారెవరు? 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘపు చట్టము ప్రకారము శాసనముచే ఏర్పడిన విశ్వవిద్యాలయమునకును, కేంద్రప్రభుత్వము ఆ హోదా నిచ్చిన డీమ్డు విశ్వవిద్యాలయమునకును, పార్లమెంటు ప్రత్యేకముగ అధికారమిచ్చిన సంస్థకును మాత్రమే పట్టమిచ్చు హక్కు కలదు. తక్కిన కళాశాలలు విశ్వవిద్యాలయముల అనుబంధములు. స్వయంప్రతిపత్తి గల కళాశాల సహితము పరీక్షలను తాను జరుపుకొనును గాని పట్టము విశ్వవిద్యాలయముదే. దొంగ విశ్వవిద్యాలయముల పట్టికను నిధుల సంఘమే ప్రకటించుచున్నది, దానిని చూడుడు. మా వృత్తిలోనికి రాదలచువారు, తాము చేరబోవు లా కాలేజీకి భారత బార్ కౌన్సిలు ఆమోదము కలదో లేదో విచారింపవలయును. అది లేని చదువుతో 1961 నాటి న్యాయవాదుల చట్టము క్రింద న్యాయవాదిగా నమోదగుట సాధ్యము కాదు.

రెండవ ప్రశ్న: బోధించువారెవరు? గత శతాబ్దపు తొలిదినములలో రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర అధ్యక్షుడుగా నుండెను. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. దామెర్ల రామారావులోని చిత్రకారుని గుర్తించి, 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరుటకు తోడ్పడినది ఆయనయే. ఆ కళాశాలను తలచునపుడు మనకు జ్ఞప్తికి వచ్చునది ఆ గురువే గాని కట్టడములు గావు. కావున ఆచార్యుల పట్టికను అడిగి పుచ్చుకొనుడు. పట్టికతో తృప్తి చెందక, అచట రెండవ సంవత్సరము చదువు విద్యార్థిని చెట్టుక్రింద నిలిపి, "నిన్న మీకు పాఠములు చెప్పినవారెవరు? ఈ నెలలో ప్రయోగశాల తలుపు ఎన్నిమార్లు తెఱచిరి?" అని అడుగుడు. 1994లో ఏర్పడిన న్యాక్ సంస్థ యిచ్చు గ్రేడులు, 2016 నుండి కేంద్రప్రభుత్వము ప్రకటించుచున్న ర్యాంకులు కొంతవరకు ఉపకరించును. కాని గ్రేడునకు గడువు తేది యుండును; ర్యాంకునకు ఆధారమగు లెక్కలలో చాలభాగము కళాశాలలు తామే సమర్పించుకొన్నవి. చెట్టుక్రింది సాక్ష్యమును వానితో పోల్చి చూడుడు.

మూడవ ప్రశ్న: మొత్తము వెల యెంత? బోధన రుసుముతో బాటు హాస్టలు, బస్సు, పరీక్షలు, పుస్తకములు అన్నిటిని కూడి నాలుగేండ్లకు లెక్క కట్టుడు. సీటు కొఱకు చాటున వసూలు చేయు సొమ్మును మన రాష్ట్రమున 1983 నాటి చట్టము నిషేధించినది. 1992లో మోహినీ జైన్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము అట్టి వసూలు చెల్లదని తీర్పు చెప్పినది. రసీదు లేనిచో ఒక్క రూపాయియు చెల్లింపకుడు. ప్రభుత్వము చెల్లింపవలసిన ఫీజు ఆలస్యమైనచో ఆ భారము నెవరిపై మోపుదురో ముందుగనే అడిగి, ప్రత్యుత్తరమును వ్రాతమూలకముగ తీసికొనుడు.

నాల్గవ ప్రశ్న: వెలుపలికి పోవు దారి యేది? లోనికి పిలుచువారు చాలమంది. ఈ దారిని చూపువారు అరుదు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కౌలురైతు తన కుమారునితో మా యింటికి వచ్చెను. పిల్లవానికి వేఱొక చోట మేలైన సీటు దొరకినది. చేరిన కళాశాలవారు మిగిలిన సంవత్సరముల ఫీజంతయు చెల్లించినగాని అసలు సర్టిఫికెట్లు ఈయమనిరి. మేము నోటీసు పంపితిమి, పత్రములు వచ్చినవి, కాని అప్పటికి అచట చేరుటకు గడువు దాటినది. ఆ తండ్రి మమ్ము నిందింపలేదు. "ముందే మిమ్ము అడిగియుండవలసినది" అని మాత్ర మనెను. ఆ మాట మేము నేటికిని మఱువలేదు.

2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము స్పష్టముగ ఆదేశించినది: అసలు పత్రములను విద్యార్థి యెదుట సరిచూచి వెంటనే తిరిగి యీయవలయును, నకళ్లు మాత్రమే ఉంచుకొనవలయును, చదువు సంవత్సరమునకో, సెమిస్టరుకో మించి ముందుగా ఫీజు వసూలు చేయరాదు. ఆ పత్రములు మీ కష్టార్జితములు. వానిని కుదువపెట్టి చదువు కొనకుడు.

ఇక ఐదవ ప్రశ్న కలదు. అది కళాశాలకు గాదు, మీకు. ఈ చదువు దేనికి? 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినపుడు ఈ ప్రశ్ననే వేసికొనిరి. అక్షరముతో బాటు చేతిపనికిని తావిచ్చిరి. పొరుగింటివాని కుమారుడు చేరెనని మీరును చేరవలదు. మీకు చరిత్రయందు మక్కువ యున్నచో, ఊరి ప్రభుత్వ కళాశాలలో మంచి ఉపాధ్యాయు డున్నచో, అదియే మీకు గొప్ప విశ్వవిద్యాలయము. తల్లిదండ్రులారా! ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమును మీ బిడ్డ నోట విని, పిదప సొమ్ము లెక్క చూచుకొనుడు.

ప్రశ్నించుట అవిధేయత కాదు. ప్రశ్నకు కోపగించు కళాశాల తన్నుగూర్చిన సాక్ష్యమును తానే యిచ్చినది. దానికి నమస్కరించి వెలుపలికి రండు.

రేపటి నుండి ప్రవేశములు ముగియువరకు సాయంకాలములందు మేము ఈ వసారాలోనే యుందుము. సందేహమున్నవారు రావచ్చును. నకళ్లు మాత్రమే తెండు. అసలు పత్రములను ఇంటిలో పెట్టెయందు భద్రముగ ఉంచి రండు.