డ్రాయింగులో లేని ఆదివారం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను రోడ్లు వేసే ఇంజనీరుని కాబట్టి రోడ్ల గురించి మాట్లాడమన్నారు. నాకు మాత్రం రోడ్డు కన్నా రోడ్డు పక్కన జరిగేదే ఎక్కువ ఇష్టం. అందుకని హైదరాబాద్ వీధి బజార్ల గురించి చెప్తాను. పది నిమిషాలే, భోజనాలు ఆలస్యం కానివ్వను.

మన ఊళ్లో అంగడి అంటే స్థలం పేరు కాదు, వారం పేరు. బుధవారం అంగడి అంటాం. హైదరాబాద్ అంత పట్నంలోనూ లెక్క ఇదేనని అక్కడికి పోయాక తెలిసింది. జుమేరాత్ బజార్ పేరులోనే గురువారం ఉంది. ఎర్రగడ్డకు ఆదివారం పోతే పాత మోటార్లు, రెంచీలు, ఎక్కడివో తెలియని గేర్లు కుప్పలుగా పోసి ఉంటాయి. నాలాంటి వాణ్ని అక్కడ వదిలితే మధ్యాహ్నం దాకా ఇంటికి రాడు. ఇక కాలనీల్లో కూరగాయల అంగడి ఇవాళ ఒక వీధి, రేపు ఇంకో వీధి. మనుషులు వాళ్లే, ట్రాలీ ఆటోలు అవే. సాయంత్రం ఐదింటికి ఖాళీగా ఉన్న వీధి చీకటి పడేసరికి బజారవుతుంది, రాత్రి పదికల్లా మళ్లీ వీధే. ఒకప్పుడు పెట్రోమాక్స్ లైట్లు, ఇప్పుడు పాత బ్యాటరీకి తగిలించిన ఎల్ఈడీ బల్బు. ఆ వైరింగు చూస్తే మన ఫిజిక్స్ సారు మార్కులు వేసేవారు కాదు గానీ, వెలుగు మాత్రం బాగానే వస్తుంది.

వీటన్నిటిలో నాకు దగ్గరిది ఆబిడ్స్ పుస్తకాల బజారు. ఆదివారం అక్కడి షాపులు చాలావరకు మూసి ఉంటాయి. మూసిన షట్టరు ముందు మెట్లు, దాని ముందు ఫుట్‌పాత్ ఖాళీ. ఆ ఖాళీలో పట్టాలు పరిచి పుస్తకాలు పేరుస్తారు. అట్ట చిరిగిన తెలుగు నవలలు, పిల్లల బొమ్మల కథలు, ఇంజనీరింగ్, మెడిసిన్ పుస్తకాలు పక్కపక్కనే. అమ్మే ఆయన పుస్తకం చేతికి తీసుకుని లోపలి పేజీలో ఎడిషన్ చూసి ధర చెప్తాడు. బేరానికి ఒక చిట్కా, పిల్లలూ: మీకు కావలసిన పుస్తకాన్ని గట్టిగా పట్టుకోకండి. ఆయన మీ వేళ్లు చూసే రేటు పెంచుతాడు.

1986లో ఉస్మానియాలో సివిల్‌లో చేరాను. నాన్న పంపే డబ్బు మెస్సుకే సరిపోయేది. పున్మియా రాసిన సాయిల్ మెకానిక్స్ కొత్తది కొనే స్తోమతు లేదు. ఆబిడ్స్‌లో పద్దెనిమిది రూపాయలకు దొరికింది. నాకన్నా ముందు చదివినాయన లెక్కలన్నీ పెన్సిల్‌తో చేసి పెట్టాడు. వాటిలో కొన్ని తప్పులు కూడా. ఆ తప్పులు పట్టుకుంటూనే సబ్జెక్టు వచ్చేసింది.

ఇప్పుడు అసలు సంగతి. ఫుట్‌పాత్ బాగు చేసే ప్లాను నా బల్ల మీదికి వచ్చినప్పుడు అందులో స్తంభాలు, చెట్లు, మ్యాన్‌హోళ్లు, షాపుల గుమ్మాలు అన్నీ ఉంటాయి. బజారు ఉండదు. ఎందుకంటే సర్వే వాళ్లు ఏ మంగళవారమో టేపు పట్టుకుని వెళ్తారు. డ్రాయింగులో పొడవు, వెడల్పు ఉంటాయి, వారం ఉండదు. ప్లానులో లేనిది పని మొదలయ్యాక అడ్డంగా కనిపిస్తుంది. అడ్డం అంటే తీసేయడమే.

నడిచేవాడికి దారి ఉండాలి, అందులో నాకు రాజీ లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కనీసం 1.8 మీటర్లు ఏ అడ్డూ లేకుండా వదలాలి. పట్టా ఆ గీత దాటి పరిస్తే ముసలివాళ్లు బస్సుల మధ్యకు దిగాల్సి వస్తుంది. కానీ షాపు మూసిన రోజున మెట్ల వైపు స్థలం మిగులుతుంది కదా. గీత గీసి ఇచ్చేస్తే దారీ ఉంటుంది, బజారూ ఉంటుంది. ఖర్చు ఒక డబ్బా పెయింటు.

వీధి వ్యాపారుల కోసం 2014లో పార్లమెంటు చట్టం చేసింది. అందులో ఒక మాట ఉంది. యాభై ఏళ్లు దాటిన సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారుల్ని వేరేచోటికి తరలించకూడదు. మన సంఘానికి యాభై నిండాయని చెప్పడానికి మినిట్స్ పుస్తకం ఉంది, రిజిస్ట్రేషన్ కాగితం ఉంది. ఫుట్‌పాత్ మీద పుస్తకాలమ్మే మనిషి దగ్గర ఏముంటుంది? ఆయన ఎవరికీ బిల్లు ఇవ్వలేదు, ఆయనకూ ఎవరూ ఇవ్వలేదు.

అయితే మన దగ్గర ఉండొచ్చు. నా పున్మియా మొదటి పేజీలో నేనే రాసుకున్నాను: ‘ఆబిడ్స్, 14-9-1986’. ఆ రోజు ఆదివారమే, క్యాలెండర్ తీసి చూశాను. నాకన్నా పదేళ్లు, పదిహేనేళ్లు ముందు హైదరాబాద్‌లో చదివిన అన్నలు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీ అటకల మీద పాత పుస్తకాలు ఉంటే దించి మొదటి పేజీ చూడండి. ఊరు, తేదీ రాసి ఉంటే ఆ పేజీ ఫొటో తీసి నాకు పంపండి. వచ్చినవన్నీ తేదీల వరుసలో పెట్టి ఆ వ్యాపారులకు ఇస్తాను, వాళ్లు అధికారుల ముందు పెట్టుకుంటారు. నా నంబరు కార్యదర్శి గారి దగ్గర ఉంది. అటక మీద ఏమీ లేనివాళ్లు భోజనాలయ్యాక నన్ను కలవండి, ఈ ఆదివారం ఆబిడ్స్‌కు పోదాం. ఉదయం పదిలోపే చేరాలి, తర్వాత ఎండ, మంచి పుస్తకాలూ మిగలవు.